అప్‌డేట్: హ్యాంగ్డ్ మ్యాన్ చెప్పే త్యాగం గురించి

జోస్యానికి వాడే టారో కార్డుల్లో 12వది హ్యాంగ్డ్ మ్యాన్, అంటే ఒంటికాలికి కట్టి తలకిందులుగా వేలాడే మనిషి. దాన్ని త్యాగానికి గుర్తంటారు కాబట్టి, అది వస్తే ఏదో ఒకటి పోగొట్టుకోవాల్సిందేనా అని ఇంతకుముందు అడిగాను. జవాబులు చదివాక బొమ్మ మళ్లీ చూస్తే సంగతి తేలింది.

1909లో ఎ.ఇ. వెయిట్ రూపొందించిన రైడర్-వెయిట్ డెక్‌లో (కార్డుల కట్టలో) అతను వేలాడేది ఎండు కొయ్యకి కాదు, ఆకులున్న పచ్చి మానుకి. కట్టు కుడికాలికే. ఎడమ కాలు మడిచి ఉంటుంది, తల చుట్టూ కాంతివలయం, మొహంలో బాధ జాడే లేదు. అంటే శిక్ష కాదు, తనంతట తాను ఒప్పుకుని ఆగడం. అంతకంటే పాతదైన మార్సెయ్ డెక్‌లో ఆ వలయం లేదు, రెండు పక్కలా కొమ్మలు నరికిన మానులు. ఇటలీలో దీని పాత పేరు 'ద్రోహి'. ద్రోహుల్ని తలకిందులుగా వేలాడదీసినట్టు గోడల మీద బొమ్మలేసి పరువు తీసేవాళ్లక్కడ. అందుకే మార్సెయ్ డెక్‌కి వెయిట్ అర్థాన్ని అతికిస్తే పొసగదు.

ఇంకో తిరకాసు: కార్డు తిరగబడితే మనిషి నిటారుగా కనబడతాడు, సరిగ్గానే ఉందనుకుంటాం! పేరున్న పట్టీ కిందుందో లేదో చూసుకోవాలి. తిరగబడితే ఫలితం లేని త్యాగం, లేదా వదలాల్సింది వదలకపోవడం. పక్కన ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ (నాలుగు నాణేల కార్డు) ఉంటే రెండోదే అనుకోవచ్చు: అందులో మనిషి ఒక నాణేన్ని గుండెకి హత్తుకుని, రెండింటిని పాదాల కింద తొక్కిపెట్టి కూర్చుంటాడు.