‘ఆల్మన్యా’ చిత్రంలోని టర్కీ కుటుంబం: హాస్యచిత్రం నుంచి ఎంత ప్రాతినిధ్యం ఆశించవచ్చు?

ప్రశ్న (అమలాపురం అధ్యాపకుడు):
2011లో విడుదలైన జర్మన్ హాస్యచిత్రం ‘ఆల్మన్యా’ను గత వారం మా విద్యార్థులకు చూపించాను. టర్కీలోని అనటోలియా ప్రాంతపు పల్లె నుంచి కూలికి వెళ్లి జర్మనీలోనే స్థిరపడిపోయిన హుసేయిన్ కుటుంబం కథ అది. దర్శకురాలు యాసెమిన్ షాందెరెలి, ఆమె సోదరి నెస్రిన్ కలిసి రాశారు. ఇద్దరూ అలా వలస వెళ్లిన టర్కీ కుటుంబం బిడ్డలే. మనవడు చెంక్‌ను బడిలో బంతాటకు టర్కీ జట్టూ పిలవదు, జర్మన్ జట్టూ పిలవదు. వాడు ఇంటికి వచ్చి, మనం ఏ దేశంవాళ్లమని అడగడంతో తాతగారి పాత కథ మొదలవుతుంది. అందరూ హాయిగా నవ్వారు గానీ, చివరిలో ఒక విద్యార్థిని లేచి, ఇంత ముచ్చటైన కుటుంబాన్ని చూపిస్తే ఎవరైనా నవ్వుతారు, అవమానాలు పడ్డవాళ్లు, అద్దెకు ఇల్లు దొరకనివాళ్లు ఏరి అని అడిగింది. నాకు వెంటనే సమాధానం తట్టలేదు. మీరేమంటారు?

లంకగాలి (రాజోలు):
మాస్టారూ, ఆ అమ్మాయి అడిగినది న్యాయమే, కానీ ఆ చిత్రం చేసిన అసలు పని వేరే చోట ఉందని నా అభిప్రాయం. అందులో టర్కీవాళ్లు తమలో తాము శుభ్రమైన జర్మన్ మాట్లాడుకుంటారు. వాళ్లు తొలిసారి జర్మనీలో దిగినప్పుడు అక్కడివాళ్ల నోట మాత్రం అర్థంపర్థం లేని శబ్దాలు వినిపిస్తాయి. అంటే టికెట్టు కొని కూర్చున్న జర్మన్ ప్రేక్షకుడికి తన భాషే గందరగోళంగా వినబడుతుంది. మన చిత్రాల్లో గోదావరి మనిషి కనబడితే చాలు, మాటకు ముందొక ‘ఆయ్’, వెనకొక ‘అండి’ తగిలించి, ఆ యాసనే హాస్యమని చెలామణీ చేస్తారు. (మనమూ నవ్వుతాం, అది వేరే సంగతి.) అక్కడ వినే చెవి బయటివాడిది. ఈ అక్కాచెల్లెళ్లు ఆ చెవిని మార్చారు. ఎన్ని రకాల మనుషులను చూపారన్న లెక్క కంటే నాకు ఇదే ముఖ్యం.

మలికిపురం కోడలు:
నేను తొమ్మిదేళ్లు మస్కట్‌లో ఒక ఇంట్లో పనిచేసి వచ్చాను, కాబట్టి నాకు వేరే విషయం తోచింది. జర్మనీ, టర్కీల మధ్య 1961లో జరిగిన ఒప్పందంలో కూలీలు రెండేళ్లకు మించి ఉండకూడదన్న షరతు ఉండేది. పని నేర్చినవాళ్లను పంపేసి మళ్లీ కొత్తవాళ్లకు నేర్పడం నష్టమని యజమానులు మొత్తుకోగా 1964లో దానిని తీసేశారు. అందువల్లే హుసేయిన్ లాంటివాళ్లు భార్యాబిడ్డలను తెచ్చుకోగలిగారు, చెంక్ లాంటి మనవడు పుట్టగలిగాడు. గల్ఫ్ ఇళ్లల్లో పనికి వెళ్లిన మా బోటివాళ్లకు కుటుంబాన్ని తెచ్చుకునే వీసా ఎక్కడిది? నా కూతురు మా అమ్మ దగ్గర పెరిగింది. మనం ఏ దేశంవాళ్లమని అది ఏనాడూ అడగలేదు, అమ్మ ఎప్పుడొస్తుందనే అడిగింది. కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌కు వెళ్లిన వీధులున్నా మన మీద ఇలాంటి హాస్యకథ ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. మూడు తరాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకుంటేనే గదా ఆ హాస్యం పుట్టేది.

కోరంగి రేవు (కాకినాడ):
పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే లంకగాలి గారితో ఒక చోట విభేదిస్తాను. లెక్క ముఖ్యం కాదనలేము. టర్కీ నుంచి జర్మనీకి వెళ్లినవారిలో వేరే భాష మాట్లాడే కుర్దులున్నారు, వేరే మతాచారాలున్న అలెవీలున్నారు. అక్కడి జనం అందరినీ కలిపి టర్కులనే అన్నారు. పూర్వం బర్మాకు కూలికి వెళ్లిన మనవాళ్ల సంగతీ ఇంతే, ఓడ కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఎక్కినా విశాఖలో ఎక్కినా తెలుగువాడు ‘కోరంగీ’యే. ఒక్క కుటుంబం అందరి తరఫునా నిలబడలేదు, నిలబడమని అడగడమూ అన్యాయమే. తప్పు ఆ చిత్రానిది కాదు, అటువంటివి పది రాకపోవడానిది.

అమలాపురం అధ్యాపకుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ విద్యార్థినికి కోరంగి రేవు గారి మాట చెబుతాను. అవమానాలు పడ్డవారి చిత్రం వేరుగా ఉండాలి, దీని బదులుగా కాదు. మలికిపురం అమ్మగారూ, మళ్లీ ప్రదర్శన పెట్టినప్పుడు మీరు వచ్చి ఆ వీసా సంగతి విద్యార్థులకు చెప్పగలరా? మా తరగతిలో అమ్మమ్మల దగ్గర పెరిగినవాళ్లు తక్కువేమీ లేరు.

మలికిపురం కోడలు:
వస్తాను మాస్టారూ. అయితే నన్ను వేదిక మీద కూర్చోబెట్టవద్దు, పిల్లల మధ్యనే కూర్చుంటాను.