పచ్చళ్ళ స్టీలు డ్రమ్ముకి గుంటలు పడ్డాయి: 316 గ్రేడ్ స్టీలు కొనాలా?

అందరికీ నమస్కారం. రాజమండ్రి దగ్గర ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంటాం. నిరుడు వేసవిలో 200 లీటర్ల స్టీలు డ్రమ్ము చేయించాం. బిల్లు మీద 304 గ్రేడ్ (స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకం) అని రాసిచ్చారు. మొన్న మాగాయ ఊట తీసేసి కడుగుతుంటే అడుగున, వెల్డింగ్ అతుకు పక్కనే, గుండుసూది మొనంత గుంటలు కనిపించాయి. చుట్టూ టీ మరకలాంటి తుప్పు. పీచుతో తోమితే రంగు పోతోంది, గుంట పోవట్లేదు.

నేను చదివినంతలో 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. క్రోమియం వల్ల పైన ఏర్పడే పల్చని పొరే తుప్పును ఆపుతుంది, ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకు తూట్లు పొడుస్తుంది. 316లో 2-3 శాతం మాలిబ్డినం కూడా ఉంటుంది కాబట్టి ఉప్పును ఇంకాస్త తట్టుకుంటుంది. ధర వింటే మాత్రం గుండె గుభేల్‌మంది.

అసలు నాది 304నేనా, నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 అంటగట్టారా? అయస్కాంతం అంటుకోలేదు. కానీ 202కీ అంటుకోదట, ఇక ఆ పరీక్షతో ఏం లాభం? (మావారు ఇంకా అయస్కాంతం పట్టుకుని వంటింట్లో గిన్నెలన్నీ చూస్తూనే ఉన్నారు.) గ్రేడ్ కచ్చితంగా తేల్చే పరీక్ష ఎక్కడ చేస్తారు? గుంటలు వెల్డింగ్ దగ్గరే ఎందుకు పడ్డాయి? ఊట రోజుల తరబడి నిలవ ఉంటే 316 అయినా ఆగుతుందా, లేక పాత జాడీలే నయమా?

ఫ్యాబ్రికేషన్ పని తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. మామిడికాయలు దిగేలోపు ఆర్డర్ ఇవ్వాలి.