దేవునికి ముందే తెలిస్తే తప్పెవరిది? ఏదెను, యూదా, భవిష్యద్‌జ్ఞానం

మద్దిలపాలెం_యూత్

అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం సాయంత్రం మా సంఘం యౌవనస్థుల కూటంలో ఈ ప్రశ్న చర్చకు పెడుతున్నాం. డిగ్రీ చదివే ఒక తమ్ముడు కాగితం మీద రాసిచ్చిన వాదన ఇది.

1. ఏదెను తోటలో దేవుడు వద్దన్న పండును ఆదాము తింటాడని సృష్టికి ముందే దేవునికి తెలుసు.
2. దేవుని జ్ఞానం తప్పిపోదు.
3. గడిచిపోయినదాన్ని ఎవరూ మార్చలేరు. దేవునికి అప్పటికే తెలిసి ఉండడం కూడా గడిచిపోయిన సంగతే.
4. కాబట్టి ఆదాము తినకుండా ఉండలేడు.
5. తప్పించుకోలేని పనికి శిక్ష వేయడం అన్యాయం.

"దేవుని మార్గాలు మనకు అందవు" అని చెప్పి ఆ తమ్ముణ్ణి ఇంటికి పంపేయడం నాకు ఇష్టం లేదు. ఈ వాదన ఏ మెట్టు దగ్గర విరుగుతుంది? విరగదంటే ఆ మాటే చెప్పండి. ఒన్‌టౌన్ కాథలిక్కులు, భీమిలి వైపు బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు అందరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక్క సంఘం జవాబుతో సరిపెట్టుకోదలచుకోలేదు.

వాల్తేరు_తర్కం

తమ్ముడు బాగా రాశాడు. ముందు 2 నుంచి 4కి వెళ్లే దారి చూద్దాం, చాలామంది జారేది అక్కడే. "దేవునికి తెలిస్తే జరిగి తీరాలి" అనే మాటలో రెండు అర్థాలు కలిసిపోయాయి. దేవునికి తెలిసి ఉండి, అది జరగకపోవడం అనే జోడీ అసాధ్యం. ఇది నిజం. కానీ జరిగిన ఆ పని తనంతట తాను తప్పనిసరి అనేది వేరే మాట, మొదటిదాని నుంచి అది రాదు. ఆరో శతాబ్దంలో బోయీథియస్, పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఈ రెంటినీ విడదీసి చూపించారు.

అయితే ఇంతటితో తమ్ముడు ఓడిపోలేదు. అతని బలమంతా 3వ మెట్టులో ఉంది. 1965లో నెల్సన్ పైక్ అనే తత్త్వవేత్త ఈ వాదనకు పదును పెట్టింది కూడా అక్కడే: దేవుని నమ్మకం నిన్నటిది, నిన్న నా చేతిలో లేదు, మరి ఆ నమ్మకాన్ని అబద్ధం చేసే పని నా చేతిలో ఎలా ఉంటుంది?

దీనికి పద్నాలుగో శతాబ్దపు విలియం ఓకమ్ దారిలో ఒక జవాబు ఉంది. గడిచిన సంగతులన్నీ ఒకే రకం కావు. "నిన్న వాన పడింది" అనేది నిన్నటితో ముగిసిపోయింది. "రేపు ఆదాము తింటాడని నిన్న దేవునికి తెలుసు" అనేది నిన్నటి వాక్యంలా కనిపించినా దాని వేరు రేపటిలో ఉంది. ఆదాము తినకుండా ఉంటే, తినడనే సంగతే దేవునికి మొదటినుంచీ తెలిసి ఉండేది. ఇది చెప్పేటప్పుడు "ఆదాము గతాన్ని మార్చగలడు" అని మాత్రం నోరు జారకండి. అన్నారంటే వాదన మీ చేతుల్లోనే చెడిపోతుంది.

భీమిలి_బాప్టిస్టు

మన ఊరి ఉదాహరణే చెప్పొచ్చు బ్రదర్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఇక్కడి తుపాను హెచ్చరిక కేంద్రానికి రోజుల ముందే తెలుసు. కేంద్రానికి తెలిసినందుకు తుపాను రాలేదు, వస్తున్నందుకు కేంద్రానికి తెలిసింది. తెలియడం వేరు, కలిగించడం వేరు. యౌవనస్థులకు ఇది వెంటనే ఎక్కుతుంది.

కంచరపాలెం_ప్రశ్న

నేను విశ్వాసిని కాను, కానీ ఈ విషయం శ్రద్ధగా చదివాను, గౌరవంతోనే అడుగుతున్నాను. ఈ పోలిక సగం దూరమే వస్తుంది. హెచ్చరిక కేంద్రం బంగాళాఖాతాన్ని తయారు చేయలేదు. గాలికి, నీటికి నియమాలు పెట్టలేదు. తుపానును ఆపే శక్తి దానికి లేదు. ఈ మూడూ దేవునికి ఉన్నాయని మీ విశ్వాసం. కాబట్టి జ్ఞానం కారణం కాదని ఒప్పుకున్నా నా ప్రశ్న అలాగే ఉంటుంది. ఫలానా లోకాన్ని చేస్తే ఫలానా కీడు జరుగుతుందని తెలిసి, ఆ లోకాన్నే చేయడం ఎందుకు? తమ్ముడి కాగితంలో 5వ మెట్టు తర్వాత ఇంకో మెట్టు ఉండాలి, అది రాయలేదు.

మీ గ్రంథంలోనే దీనికి పదునైన చోటు మత్తయి 26:24. తనను శత్రువులకు అప్పగించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా గురించి, ఆ మనిషి పుట్టకపోతే అతనికే మేలు అని యేసే అంటాడు. పుట్టకపోతే మేలని తెలిసినవాడు పుట్టించడం ఎందుకు?

మద్దిలపాలెం_యూత్

ఈ మెట్టు కాగితంలో చేరుస్తాను. నిజానికి తమ్ముడు అడగాలనుకున్నది ఇదేనేమో. దీనికి జవాబులు కావాలి.

ఒన్‌టౌన్_కాథలిక్

ముందు చెడు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి, లేకపోతే "చేశాడు" అనే మాటే తప్పుదారి పట్టిస్తుంది. అగస్టీను (354–430) యౌవనంలో సుమారు తొమ్మిదేళ్లు మానీ మతస్థులతో ఉన్నాడు. వెలుగు, చీకటి రెండూ అనాదిశక్తులని వాళ్ల బోధ. దాన్ని వదిలి బయటికి వచ్చాక అతను చెప్పింది ఇది: చెడు ఒక పదార్థం కాదు, ఉండవలసిన మంచి లేకపోవడం. కంటికి చూపు లేకపోవడం కీడు, రాయికి చూపు లేకపోవడం కీడు కాదు. ఏ వస్తువునైనా సృష్టించినంత వరకు దేవుడు సృష్టించింది మంచినే. సాతాను సంగతీ అంతే. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ ప్రకారం దయ్యాలు స్వభావరీత్యా మంచివాటిగానే సృజింపబడి, తమంతట తామే చెడిపోయాయి.

ఒక జాగ్రత్త. సాతాను పతనానికి చాలామంది యెషయా 14, యెహెజ్కేలు 28 చదువుతారు. ఆ అధ్యాయాలు పైకి చెబుతున్నది బబులోను రాజు గురించి, తూరు రాజు గురించి. తొలి శతాబ్దాల సంఘపితరులు వాటిలో సాతానును చూశారు. ఆ తేడా చెప్పకుండా చదివితే, శ్రద్ధగా చదివే కుర్రాడు ఒకే ప్రశ్నతో మిమ్మల్ని ఆపేస్తాడు. యూదా పత్రిక (ఈ యూదా ఇస్కరియోతు కాదు) 6వ వచనం ఇంతకంటే నేరుగా ఉంటుంది.

కంచరపాలెం_ప్రశ్న

లోపం లేకుండా చేసిన దూత మొదటి చెడ్డ కోరిక ఎలా కోరాడు అనేది అలాగే ఉంది కదండీ. సాతానును తెస్తే ప్రశ్న ఏదెను నుంచి పరలోకానికి మారింది, తీరలేదు.

ఒన్‌టౌన్_కాథలిక్

అవును, తీరలేదు. అగస్టీను కూడా అక్కడ ఆగాడు. చెడ్డ చిత్తానికి కారణం వెతకడం చీకటిని కళ్లతో చూడాలనుకోవడం లాంటిదని అతని భావం. ఆ చిత్తాన్ని నెట్టిన శక్తి ఏదీ లేదు, అది పైనున్న మంచిని వదిలి కింది మంచి వైపు తిరిగింది, అంతే. స్వేచ్ఛ ఉన్న చోట ఆ తిరుగుడుకు వెనక ఇంకో కారణం అడిగితే, ఆ కారణమే దోషి అవుతుంది, తిరిగినవాడు కాడు. ఇది తప్పించుకోవడమని నేను అనుకోను. స్వేచ్ఛ అంటే ఏమిటో చెబితే ఇదే వస్తుంది.

గాజువాక_సంస్కరణ

మా సంస్కరణ సంప్రదాయం ఇంత మెత్తగా చెప్పదు. ఆ సంప్రదాయానికి మూలపురుషుల్లో ఒకడైన కాల్విన్ "దేవుడు అనుమతించాడంతే" అనే మాటను చాలదని తోసేశాడు. జరిగేదంతా దేవుని నిర్ణయం లోపలే జరుగుతుందని, అయినా పాపానికి కర్త దేవుడు కాడని 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మూడో అధ్యాయం చెబుతుంది. ఈ రెండూ కలిసి నిలబడేది ఒకే పనిలో రెండు ఉద్దేశాలు ఉండగలవన్న దాని మీద. ఆదికాండము 50:20లో యోసేపును అమ్మేసిన అన్నలు కీడు తలపెట్టారు, అదే అమ్మకంలో దేవుడు మేలు తలపెట్టాడు. అపొస్తలుల కార్యములు 2:23 ఇంకా గట్టిది. దేవుడు నిశ్చయించిన సంకల్పం, ఆయన భవిష్యద్‌జ్ఞానం, సిలువ వేయించినవారి దోషం, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. పేతురు ఆ వాక్యం చెప్పి "కాబట్టి మీ తప్పేం లేదు" అనలేదు, మారుమనస్సు పొందమన్నాడు.

దీని ధర కూడా చెప్పాలి. సిలువకు ఇది సరిపోతుంది, ఎందుకంటే మేలు ఏమిటో మనకు కనిపిస్తోంది. ఒక పసిబిడ్డ మీద జరిగిన దారుణానికి ఇదే సూత్రం చెప్పే కాపరి చాలా నెమ్మదిగా నోరు విప్పాలి. తన ఉపదేశంలోని ఈ నిర్ణయం భయంకరమైనదని కాల్విన్ కూడా ఒప్పుకున్నాడు.

భీమిలి_బాప్టిస్టు

తుపాను పోలిక సగమే వస్తుందని కంచరపాలెం సోదరుడు అన్నది సబబే. మిగతా సగానికి నేను 1 సమూయేలు 23 తెస్తాను. సౌలు రాజు దావీదును చంపాలని తరుముతున్నాడు. దావీదు కెయీలా అనే ఊళ్లో ఉన్నాడు. యాజకుడు అబ్యాతారు తెచ్చిన ఏఫోదు అనే యాజక వస్త్రం దగ్గర దేవుణ్ణి రెండు ప్రశ్నలు అడిగాడు. సౌలు వస్తాడా? వస్తాడు. ఊరివాళ్లు నన్ను అప్పగిస్తారా? అప్పగిస్తారు. దావీదు సుమారు 600 మందితో లేచిపోయాడు. సౌలు రాలేదు, ఎవరూ ఎవరినీ అప్పగించలేదు. అంటే దేవుడు చెప్పింది జరగబోయే సంగతి కాదు, దావీదు అక్కడే ఉంటే జరిగి ఉండే సంగతి. మత్తయి 11:21లో ఆ అద్భుతాలు తూరు, సీదోనుల్లో జరిగి ఉంటే అక్కడివాళ్లు మారుమనస్సు పొంది ఉండేవారని యేసు చెప్పిందీ ఇలాంటిదే.

దీన్ని పద్ధతిగా అల్లినవాడు జెసూట్ అనే కాథలిక్ సన్యాస సంఘానికి చెందిన స్పెయిన్ గురువు లూయిస్ దె మొలీనా, 1588లో. అతని వరుస ఇలా ఉంటుంది. మొదట, ఏవేవి సాధ్యమో దేవునికి తెలుసు. రెండోది, ఫలానా పరిస్థితిలో ఫలానా మనిషి స్వేచ్ఛగా ఏం చేస్తాడో తెలుసు. ఆ తర్వాతే ఏ లోకాన్ని చేయాలో నిర్ణయం. ఆ నిర్ణయం వల్ల మూడోది, ఏం జరగబోతోందో తెలుసు. ఈ వరుస కాలంలో కాదు, తర్కంలో. మధ్యలో ఉంది కాబట్టి రెండోదానికి మధ్యస్థ జ్ఞానం అని పేరు.

మరో కాథలిక్ సన్యాస సంఘమైన డొమినికన్లు దీన్ని గట్టిగా ఎదిరించారు. రోములో ఏళ్ల తరబడి విచారణ నడిచి, 1607లో పోపు ఐదో పాల్ ఎవరినీ ఖండించకుండా ముగించాడు. మన చర్చ ఒక్క సాయంత్రంలో తేలలేదని ఎవరూ బాధపడనక్కర్లేదు.

వాల్తేరు_తర్కం

మొలీనా దారిలో విరిగే చోటు రెండో మెట్టే. ఇంకా పుట్టని మనిషి, ఎన్నడూ రాని పరిస్థితిలో స్వేచ్ఛగా ఏం చేసి ఉండేవాడో అనే వాక్యాన్ని నిజం చేసేది ఏది? ఆ మనిషి కాదు, ఇంకా లేడు. దేవుడూ కాదు, అయితే స్వేచ్ఛ పోతుంది. తత్త్వవేత్త రాబర్ట్ ఆడమ్స్ 1977లో నిలదీసింది దీన్నే. కెయీలాకు అతను ఇచ్చే సమాధానం కూడా గట్టిదే: సౌలు అప్పటికే పెట్టుకున్న ఉద్దేశాన్నీ, ఊరివాళ్ల స్వభావాన్నీ బట్టి బహుశా జరిగే సంగతి చెప్పినా ఆ వాక్యభాగం సరిగ్గానే అర్థమవుతుంది.

మొలీనా పక్షాన ఒక మాట మాత్రం చెప్పాలి. యూదా ప్రశ్నకు ఆకారమున్న జవాబు ఇచ్చేది ఇదే. ఎంతోమంది రక్షణకు చేరే ఏ లోకంలోనైనా కొందరు తమంతట తాము తిరస్కరిస్తారేమో. ఆ "ఏమో" చాలు. 1955లో జె. ఎల్. మాకీ అనే తత్త్వవేత్త మంచి దేవుడు, సర్వశక్తి, చెడు మూడూ కలిసి ఉండడం తర్కవిరుద్ధం అన్నాడు. 1974లో మరో తత్త్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా చూపించింది ఇలాంటి "ఏమో" ఒక్కటి సాధ్యమైనా ఆ విరోధం రుజువు కాదని. ఇది కారణం చూపించడం కాదు, విరోధం లేదనడం. ఈ రెంటినీ కలిపేస్తే తమ్ముడు వెంటనే పట్టుకుంటాడు.

సీతమ్మధార_సిస్టర్

ఇంతమంది ఇంత కష్టపడేది భవిష్యత్తు అంతా ముందే తెలుసన్న ఊహను కాపాడడానికే కదా. 1994లో ఐదుగురు రచయితలు కలిసి వేరే మాట చెప్పారు: స్వేచ్ఛగా జరగబోయే నిర్ణయాలు ఇంకా లేవు, లేనిదాన్ని తెలుసుకోకపోవడం లోపం కాదు. ఆదికాండము 6:6లో దేవుడు నొచ్చుకున్నాడు. 22:12లో "ఇప్పుడు తెలిసికొంటిని" అన్నాడు. యిర్మీయా 18లో జనం తిరిగితే తన తలంపు మార్చుకుంటానన్నాడు. ఈ వచనాలన్నిటినీ "అలంకారం" అని పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

గాజువాక_సంస్కరణ

సిస్టర్ గారూ, ఆ వచనాలను పక్కన పెట్టకూడదనే మాట నిజమే. అలాగే యెషయా 46:10, కీర్తన 139:4 కూడా పెట్టకూడదు. 1 సమూయేలు 15 ఒక్క అధ్యాయంలోనే 11, 35 వచనాల్లో దేవుడు పశ్చాత్తాపపడ్డాడు, 29లో పశ్చాత్తాపపడడు అని ఉంది. రాసినవాడికి ఆ రెండూ కలిసే కనిపించాయి. పేతురు మూడుసార్లు ఎరుగననే సంగతి, కోడి కూసే లోపల, ముందుగా చెప్పబడింది. స్వేచ్ఛతో చేసిన పాపమే అది, లెక్కతో సహా.

కంచరపాలెం_ప్రశ్న

బయటినుంచి చూసేవాడిగా ఒకటి చెప్పాలి. సిస్టర్ గారి దారిలో కూడా నా ప్రశ్న పోదు. రేపటి సంగతి తెలియని దేవుడికి ఈ క్షణం జరుగుతున్నది తెలుసు కదా. కయీను తమ్ముణ్ణి చంపడానికి చేయి ఎత్తడం కనిపిస్తోంది. ఆపే శక్తి ఉంది. ఆపలేదు. అంటే చిక్కు జ్ఞానంలో లేదు, ఊరుకోవడంలో ఉంది. జ్ఞానాన్ని తగ్గించుకున్నా ఆ చిక్కు అంతే ఉంటుంది.

సీతమ్మధార_సిస్టర్

ఒప్పుకుంటాను. నా దారిలో దేవుడు కీడును ముందుగా ప్రణాళికలో రాసుకోలేదు అన్నంత వరకే దక్కుతుంది. నాకు అది చిన్న విషయం కాదు. దుఃఖంలో ఉన్న తల్లికి "ఇది ఆయన రాసిపెట్టినది" అని చెప్పక్కర్లేదు.

ఒన్‌టౌన్_కాథలిక్

తుపాను మాట వచ్చింది కాబట్టి, మనుషుల చిత్తంతో సంబంధం లేని కీడును పూర్తిగా వదిలేయకండి. తీరానికి గాలివాన తాకిన ప్రతిసారీ "పాపానికి శిక్ష" అనే ప్రసంగం ఎక్కడో ఒకచోట వినబడుతుంది. లూకా 13:4లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావారికంటే దోషులా అని అడిగి, కాదని యేసే చెప్పాడు. యోహాను 9:3 కూడా కలిపి చదవండి. యోబు 38 నుంచి 41 వరకు దేవుడు ప్రశ్నలే అడిగాడు, కారణం చెప్పలేదు. చివర్లో తప్పుపట్టింది మాత్రం కారణం తమకు తెలుసన్న ముగ్గురు స్నేహితులనే.

మద్దిలపాలెం_యూత్

అందరికీ కృతజ్ఞతలు. గంటన్నర సమయం ఉంది. ఏ వరుసలో చేయమంటారు? రోమీయులకు 9తో మొదలుపెడదామనుకున్నాను.

వాల్తేరు_తర్కం

రోమా 9తో వద్దండి. మట్టి కుమ్మరిని ప్రశ్నించగలదా అనే అక్కడి మాట వినగానే కుర్రాళ్లు నోరు మూసుకుంటారు, ప్రశ్న లోపలే ఉండిపోతుంది. యిర్మీయా 18:1–10 ముందు చదివించండి. అక్కడి కుమ్మరి, చెడిపోయిన మట్టిని మళ్లీ చేస్తాడు, జనం తిరిగితే తలంపు మార్చుకుంటాడు. రోమా 9 ఆ తర్వాత చదివితే వేరేగా వినిపిస్తుంది.

మొదటి 20 నిమిషాలు కాగితం మీది ఐదు మెట్లకే ఇవ్వండి. ఏ మెట్టును ఎవరు ఒప్పుకోవడం లేదో ఒక్కొక్కరితో చెప్పించండి, అంతవరకు మీరు జవాబు చెప్పకండి. తర్వాత 1 సమూయేలు 23, అపొస్తలుల కార్యములు 2:23. ఒక అరగంట చాలు. కంచరపాలెం గారి ఆరో మెట్టును చివరికి తోసేయకండి, కనీసం అరగంట దానికే ఉంచండి. సాధారణంగా కూటాలు పాడయ్యేది అక్కడే. మొదటి ఐదింటి మీద గంట ఖర్చుపెట్టి, యూదా ప్రశ్న వచ్చేసరికి ప్రార్థన చేసి ముగిస్తారు.

గాజువాక_సంస్కరణ

ఇంకొకటి బ్రదర్. యెషయా 45:7 ఎవరో ఒకరు తెస్తారు, "కీడును కలుగజేయువాడను" అని. ఆ అధ్యాయం కోరెషు రాజుతో మొదలవుతుంది, మాట్లాడేది రాజ్యాలు పడిపోవడం గురించి. దాని పక్కన యాకోబు 1:13 గుర్తు పెట్టుకుని ఉంచండి. వెతుక్కోవడానికి అప్పుడు సమయం ఉండదు.

కంచరపాలెం_ప్రశ్న

ఆ తమ్ముడికి అభ్యంతరం లేకపోతే నేనూ వచ్చి వెనక కూర్చుంటాను. మాట్లాడమంటే మాట్లాడతాను.

మద్దిలపాలెం_యూత్

తప్పకుండా రండి. ఆరో మెట్టు మీరే చదవండి.