తక్కువ వాడితే ఎక్కువ బిల్లు! ప్లాన్ ఎలా ఎంచుకోవాలి?

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం, ఇక్కడ కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. నెలకి 1000 యూనిట్లు దాటితే బిల్లులో 100 డాలర్ల క్రెడిట్ (తగ్గింపు) అన్న ప్లాన్ తీసుకున్నాను. ఏప్రిల్‌లో 974 వచ్చింది. ఆ 26 యూనిట్లకి క్రెడిట్ గల్లంతు! మా అత్తగారు గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పింది ఇందుకా? కంపెనీ మారదామంటే ఏది చూసినా చవకలాగే ఉంది.

జవాబు: నేనూ ఆ గోతిలో పడ్డవాణ్ణే అండీ. ప్లాన్లు పోల్చి చూపే ‘పవర్ టు చూజ్’ సైట్‌లో పైన కనిపించే రేటు 1000 యూనిట్లకి లెక్కగట్టింది. ప్రతి ప్లాన్‌కీ ‘ఫ్యాక్ట్స్ లేబుల్’ ఉంటుంది, అందులో 500, 1000, 2000కి మూడు రేట్లూ చూడండి. మూడూ ఇంచుమించు ఒకేలా ఉంటే నమ్మొచ్చు. మీటర్ లెక్కలు చూపే ‘స్మార్ట్ మీటర్ టెక్సాస్’ సైట్‌లో మీ ఏడాది వాడకం దొరుకుతుంది. నేను ఒక ఆదివారం ఎక్సెల్‌లో నెలనెలా వేసి చూశాను: ఏసీ నడిచే జూలై, ఆగస్టుల్లో తప్ప క్రెడిట్ దక్కే నెలే లేదు. ఇంటిదాకా కరెంటు చేరవేసే ఆంకోర్ సంస్థ డెలివరీ ఛార్జీ ఏ కంపెనీకి మారినా అదే, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

ఇంకొకరు: ఫ్రిస్కోలో మాది కోసర్వ్ అనే కరెంటు సహకార సంఘం. మాకు ఎంచుకునే గొడవే లేదు, అదృష్టమో ఖర్మో!

అడిగినవారు: థాంక్సండీ. ఇప్పుడే మారితే 150 డాలర్ల పెనాల్టీ అంటున్నారు.

జవాబు: కాంట్రాక్టు ఎప్పటిదాకా? ఆఖరి 14 రోజుల్లో మారితే పెనాల్టీ ఉండదు. అత్తగారి చేత క్యాలెండర్‌లో రాయించండి, ఆవిడ మర్చిపోరు.