ఒకే మిడ్‌వైఫ్ (కాన్పులు చూడటానికి ప్రత్యేకంగా ట్రైనింగ్ అయిన నర్సు) మొదటి చెకప్ నుంచి బాలింత దాకా చూడాలా? సర్కారు దవాఖానల్లో అది అయ్యే పనేనా?

పల్లెటూరి_అల్లుడు:
మా ఇంటామె కాన్పు సర్కారు దవాఖానల్నే అయింది, నార్మల్. చెప్తే చుట్టాలు నమ్మలే. ఎట్ల నమ్ముతరు, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటుల అయితే 81 దాటింది. మిడ్‌వైఫ్ ట్రైనింగ్ అయిన సిస్టర్ ఒకామె ఉండబట్టి మాది తప్పింది, నడిపిచ్చింది, బాల్ మీద కూసోబెట్టింది, నడుం రాసింది. కానీ రాత్రి 8 కాంగనే ఆమె డ్యూటీ దిగి పోయింది. తర్వాత వచ్చినామె మంచిదే, కాకపోతే మళ్ళ మొదటి నుంచి, పేరేంది, బీపీ ఉందా, మొదటి కాన్పేనా అని, ఈమె అటు నొప్పులతోని అరుస్తాంటే. నేను అడిగేది ఒక్కటే, ఒక గర్భిణికి ఒక మిడ్‌వైఫ్ అని మూడో నెల నుంచే పెడితే ఏం పోతది? డబ్ల్యూహెచ్‌ఓ కూడా 2016లనే చెప్పింది గదా.

లేబర్‌రూం_సిస్టర్:
తమ్ముడూ, నేను ఆ 18 నెలల మిడ్‌వైఫ్ ట్రైనింగ్ చేసినదాన్నే (మన దగ్గర 2017లో కరీంనగర్‌లో మొదలైంది, తర్వాత 2018లో కేంద్రం దేశం మొత్తానికి గైడ్‌లైన్స్ ఇచ్చింది). నువ్వు అడిగింది మాకు ఇష్టం లేక కాదు. ఐదో నెల నుంచి చూసిన అమ్మాయి నొప్పులతో వస్తే సగం పని అయిపోయినట్టే, వెల్లకిలా పడుకోబెడితే భయపడుతుందని తెలుసు, అత్త పక్కనుంటే బిగుసుకుపోతుంది తల్లి ఉంటే మాట వింటుందని తెలుసు. కానీ ఒకసారి నంబర్ ఇచ్చి చూడు. పొద్దున పిల్లల టిఫిన్ బాక్సులు కడుతుంటే వీడియో కాల్, "అక్కా ఈ మరక ఏంటి చూడు" అని. రాత్రి రెండింటికి ఇంకొకరు. ఎత్తకపోతే నాకే నిద్ర పట్టదు, ఎత్తితే మా ఆయన మొహం చూడాలి. నాకు ఆన్‌కాల్ అలవెన్స్ లేదు, మర్నాడు సెలవు లేదు. కాన్పు అయ్యేదాకా ఉండి ఇంటికి పోతే పొద్దున మళ్ళీ డ్యూటీ.

డాక్టర్_గైనిక్:
డబ్ల్యూహెచ్‌ఓ మాట సగమే చెప్పారు. మిడ్‌వైఫరీ వ్యవస్థ బాగా నడుస్తున్న చోట అని షరతు పెట్టింది. అందరూ చూపించే 2016 కోక్రేన్ రివ్యూలో (ఒకే విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి తేల్చే సమీక్ష) 15 ట్రయల్స్, 17,674 మంది ఆడవాళ్ళు, నెలలు నిండని కాన్పులు 24 శాతం తగ్గాయి, బాగుంది, కానీ ఆ ట్రయల్స్ అన్నీ ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లాండ్, బ్రిటన్‌లో జరిగినవి. మన తెలంగాణలో తల్లుల మరణాలు తగ్గి 2018-20 లెక్కలో పుట్టిన లక్ష మంది బిడ్డలకి 43కి వచ్చాయంటే కాన్పులు ఆసుపత్రిలో జరగడం, రక్తం దొరకడం, టైంకి బండి రావడం దానికి పెద్ద కారణాలు. బ్లీడింగ్ మొదలయ్యాక తెలిసిన మొహం ఉందా లేదా అని ఎవరూ చూడరు.

లేబర్‌రూం_సిస్టర్:
సార్, బ్లీడింగ్ మొదలయ్యాక కాదు, ముందు సంగతి చెప్తున్నా. ఆ అమ్మాయికి హిమోగ్లోబిన్ 8 ఉందని, ఐరన్ మాత్రలు వాంతి అవుతున్నాయని ఇంట్లో అటక మీద పెట్టేస్తోందని నాకు ఆరో నెలలోనే తెలిస్తే రక్తం సంగతి అప్పుడే చూస్తా. కార్డులో "ఐరన్ ఇచ్చాం" అని మాత్రమే ఉంటుంది, మింగిందా లేదా అని ఉండదు.

లీడ్స్_అక్క:
నేనిక్కడ నర్స్‌ని, మిడ్‌వైఫ్ కాదు, కానీ చూస్తున్నా కాబట్టి చెప్తున్నా. ఇంగ్లండ్‌లో 2016 నుంచి ఇదే పెద్ద పాలసీ, ప్రతి గర్భిణికీ తెలిసిన మిడ్‌వైఫ్ అని. స్టాఫ్ చాలక చివరికి 2022 మార్చిలో వచ్చిన ఓకెండెన్ రిపోర్టు (అక్కడి సర్కారు ఆసుపత్రుల్లో తల్లీబిడ్డల మరణాల మీద జరిగిన విచారణ), సరిపడా మనుషులు లేకపోతే దీన్ని ఆపేయండి అంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో టార్గెట్ తేదీ కూడా తీసేశారు. ఇంత డబ్బున్న దేశమే చేతులెత్తేస్తే మన దగ్గర ఒక్కో సిస్టర్ నెత్తిన ఎలా పెడతారండీ?

పల్లెటూరి_అల్లుడు:
అంటే పైసల్లేనోళ్ళకి వద్దంటరా అక్కా?

లీడ్స్_అక్క:
వద్దనలేదు తమ్ముడూ. పాలస్తీనాలో చేశారు, వెస్ట్ బ్యాంక్ పల్లెల్లో, 2013 నుంచి. సర్కారు ఆసుపత్రి మిడ్‌వైఫ్‌లే బండేసుకుని ఊళ్ళకి వెళ్ళి చెకప్‌లు చేస్తారు, కాన్పయ్యాక ఇంటికెళ్ళి తల్లినీ బిడ్డనీ చూస్తారు. కాన్పు మాత్రం ఆసుపత్రిలో, ఆ టైంకి ఎవరి షిఫ్ట్ ఉంటే వాళ్ళు. అలా చేసిన మిడ్‌వైఫ్‌లకి పని మీద తృప్తి పెరిగిందని కూడా రాశారు. గమనించండి, బండి ఇచ్చారు, డ్యూటీలో భాగం చేశారు, ఫోన్ నంబర్ ఇచ్చి చేతులు దులుపుకోలేదు.

రాజమండ్రి_అమ్మ:
అందరూ అన్నీ చెప్పారు గానీ అసలు సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ. మన పిల్లలు ఏడో నెలలో సీమంతం చేసుకుని పుట్టింటికి వచ్చేస్తారు కదా! మూడో నెల నుంచి చూసిన మిడ్‌వైఫ్ అత్తారి ఊళ్ళో, కాన్పు పుట్టింటి ఊళ్ళో, బాలింతగా మూడు నెలలో అయిదు నెలలో ఇక్కడే, తర్వాత మళ్ళీ అక్కడికి. మరి ఒకే మిడ్‌వైఫ్ అంటే ఎవరు, ఏ ఊరామె? ఎనకట మంత్రసాని చూసేదిగా అంటారేమో, పురిటి స్నానం దాకా ఆవిడే నిజమే, మా అమ్మమ్మ కన్నవాళ్ళలో సగం మందే బతికారు, అది కూడా నిజమే.

డాక్టర్_గైనిక్:
మంచి పాయింటమ్మా. మా ఓపీలో ఎనిమిదో నెలలో కొత్తగా వచ్చేవాళ్ళు ఎక్కువ, పాత రిపోర్టులు అత్తగారింట్లో మర్చిపోయి వస్తారు.

లేబర్‌రూం_సిస్టర్:
అందుకే ఒక్కరు అనే మాటే వదిలేద్దాం. నలుగురు మిడ్‌వైఫ్‌లు, లేబర్ రూం నుంచి కదపకుండా. వాళ్ళే వంతులేసుకుని ఓపీలో గర్భిణుల చెకప్ చూడాలి, అప్పుడు కాన్పు రోజు ఎవరి డ్యూటీ అయినా ఆ అమ్మాయికి ఎప్పుడో మాట్లాడిన మనిషే. పుట్టింటికి వెళ్ళేవాళ్ళ కార్డులో మేమే వివరంగా రాసి, అక్కడి సిస్టర్‌కి డ్యూటీ టైంలో ఒక ఫోన్ చేస్తాం. రాత్రి రెండింటి కాల్స్ డ్యూటీ ఫోన్‌కే రావాలి, నా ఫోన్‌కి కాదు.

డాక్టర్_గైనిక్:
వినడానికి బాగుంది సిస్టర్. ఆ నలుగురిని ఎక్కడి నుంచి తేవాలి? పోస్టులే లేవు.

లేబర్‌రూం_సిస్టర్:
మా దగ్గర ట్రైనింగ్ అయిన ఇద్దరు క్యాజువాలిటీలో ఇంజెక్షన్లు ఇస్తున్నారు సార్, ఇంకొకామెని స్టోర్స్‌లో వేశారు. ముందు వాళ్ళని వెనక్కి పంపించండి, నాలుగో మనిషి గురించి తర్వాత అడుగుతా.