ప్లాట్లుగా విడగొట్టే ముందు స్థలం పాత చరిత్ర తేల్చడం ఎలా?

ప్రశ్న:
పాత ఇల్లు, వెనక పెద్ద పెరడు. ఇల్లున్న భాగం ఒకటి, పెరడు రెండు, మొత్తం మూడు ప్లాట్లు చేయాలి. దస్తావేజుల్లో మొదటినుంచీ నివాస స్థలమనే ఉంది. మట్టిలో విషపదార్థాలున్నాయేమో తేల్చడానికి నాలుగు చోట్ల మట్టి తీసి ల్యాబ్‌కి పంపితే సరిపోదా?

జవాబు 1:
సరిపోదండీ. ల్యాబ్ మీరు అడిగినవే చూస్తుంది, అడగని విషం రిపోర్టులో ఉండదు. ఏం అడగాలో, మట్టి ఎక్కడ తీయాలో చెప్పేది చరిత్రే.

దస్తావేజు యజమాని ఎవరో చెబుతుంది గానీ అక్కడ ఏం చేశారో చెప్పదు. కాబట్టి లీజులు, తనఖాలు కూడా తీసి చూడండి. మొక్కల నర్సరీ, వర్క్‌షాపు, డ్రైక్లీనింగ్ లాంటి పేరు ఒక్కటి కనిపించినా పట్టుకోవాలి.

తర్వాత విమానం నుంచి తీసిన పాత ఫొటోలు. దొరికినంత వెనక్కి వెళ్లి, దాదాపు పదేళ్లకొకటి చొప్పున వరసగా పెట్టుకోండి. సమానదూరంలో చుక్కల వరసలుంటే తోట. 1950లకు ముందు పండ్లతోటల్లో, ముఖ్యంగా ఆపిల్ తోటల్లో, లెడ్ ఆర్సెనేట్ (సీసం, ఆర్సెనిక్ ఉన్న పురుగుమందు) కొట్టేవారు. ఆ తర్వాత డీడీటీ. సీసం, ఆర్సెనిక్ కాలంతో విచ్ఛిన్నమైపోయే పదార్థాలు కావు. మట్టి కదపకపోతే ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్లలోనే ఉండిపోతుంది. రెండు ఫొటోల మధ్య ఒక షెడ్డు లేచి కూలిపోయి ఉండొచ్చు, అందుకే ఫొటోలో ఏమీ లేదంటే స్థలం శుభ్రమని కాదు. పక్క స్థలాలూ చూడండి, ముఖ్యంగా ఎగువన పెట్రోల్ బంకు ఉండేదేమో.

జవాబు 2:
పైవారు చెప్పినదానికి తోడు, కాగితాలు చూశాక నడిచి చూడాలి. ఈ క్రమం తిరగేయకండి, ఏం వెతుకుతున్నామో తెలిస్తేనే కంటికి ఆనుతుంది.

నేలలోంచి ఊరికే పైకి లేచిన సన్నటి ఇనప గొట్టం కనిపిస్తే కింద నూనె ట్యాంకు ఉందేమోనని అనుమానించాలి, అది గాలి గొట్టం కావచ్చు. పైన కట్టడం లేని కాంక్రీటు పలక, గడ్డి మొలవని మచ్చ, బూడిద గుంట కూడా అంతే. ఆర్సెనిక్ మందు పట్టించిన కలప కాల్చి ఉంటే దాని బూడిద మామూలు చెత్త కాదు.

పాత ఇల్లు కాబట్టి సీసం పెయింట్ సంగతి తప్పదు. గీకిన పెచ్చులు ఎక్కువగా గోడ నుంచి 1-2 మీటర్లలోపే పడతాయి. ఆస్బెస్టాస్ కప్పుంటే చూరు నీళ్లు పడే గీత వెంట విడిగా మట్టి తీయాలి. ఎక్కడైనా మెరక పోసి ఉంటే, అసలు నేల తగిలేదాకా గుంట తీయండి. గాజుపెంకులు, ఇటుక ముక్కలు, మసి కనిపిస్తే అది బయటి మట్టి.

ప్రశ్న అడిగినవారు:
ఖర్చు తగ్గించడానికి నాలుగు శాంపిళ్లు కలిపి ఒకటిగా పంపొచ్చా?

జవాబు 3:
పంపొచ్చు గానీ లెక్క తెలిసి పంపండి. ఒక విషపదార్థానికి పరిమితి కిలో మట్టికి 200 మిల్లీగ్రాములు అనుకుందాం. మూడు చోట్ల 20, ఒక చోట 400 ఉంటే కలిపినది 115 చూపిస్తుంది. పాసైనట్టే కనిపిస్తుంది, 400 ఉన్న చోట పిల్లలు ఆడుకుంటారు. అందుకే పరిమితిని కలిపిన శాంపిళ్ల సంఖ్యతో భాగించాలి: 200ని 4తో భాగిస్తే 50. కలిపినది 50 దాటితే నాలుగూ విడివిడిగా చేయించాలి. అందుకోసం ప్రతి శాంపిల్‌లో కొంత పక్కన దాచమని ల్యాబ్‌కి ముందే చెప్పండి. పెట్రోల్ లాంటి ఆవిరయ్యేవాటికి కలపడం అసలు కుదరదు, కలిపేటప్పుడే ఎగిరిపోతాయి.

ఇంకోటి, కొత్త హద్దులు దాటి కలపొద్దు. ప్రతి ప్లాటూ రేపు వేరొకరిది, దాని ఫలితం దానికే ఉండాలి. శాంపిళ్లు తీసేదాకా జేసీబీని లోపలికి రానీయకండి. దారి కోసం పైమన్ను గీకి పెరట్లో పరిచారంటే శుభ్రమైన ప్లాటు కూడా చెడుతుంది, ఏది ఎక్కడిదో తేలదు.

ఇల్లు పడగొట్టేదైతే ముందు ఆస్బెస్టాస్ సర్వే, తర్వాత కూల్చివేత, పునాది పలక తీశాక దాని కింద మట్టికి ఇంకో విడత పరీక్ష.