కాటనం తం? కాటనుం తం?

గోదారిగట్టు: మొన్న కోటిలింగాల రేవులో నాన్నగారి తద్దినం పెట్టాం. దోసిట్లోంచి నీళ్ళు వదులుతుంటే పంతులుగారు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మీది శ్లోకం చదివి "స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనం తం భగీరథం" (ఆంగ్లదేశపు ఆ భగీరథుడు కాటన్‌ని తలుచుకుంటున్నాను) అన్నారు. తాతయ్య నోట విన్నది "కాటనుం తం". అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. ఇంతకీ ఆ ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం ఉందా?

వ్యాకరణం మాస్టారు: ఛందస్సు తేల్చదమ్మా. నం అన్నా నుం అన్నా గురువే, అంటే రెండు మాత్రల అక్షరమే. మనకు ఆయన 'కాటను'. ఉకారాంతం కనుక శంభుం లాగా కాటనుం. అసలు తప్పు మీరు చెప్పిన వరుసకి పైన, రెండో పాదంలో ఉంది. అందరూ 'మహమతిః' అని రాస్తున్నారు. శ్లోకంలో ఆరో అక్షరం గురువు కావాలి, మహామతిః (గొప్ప బుద్ధిశాలి) అనాలి.

తంగేడు: పత్తి కాదండీ. పత్తి కాటన్ అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. ఇంటిపేరు వేరు. పాత ఇంగ్లీషులో కాట్ అంటే గుడిసె, కాటుమ్ అంటే 'గుడిసెల దగ్గర'. ఆ మాట ఊరిపేరైంది, ఊరు ఇంటిపేరైంది. దొరగారి పూర్వీకులది ష్రాప్‌షైర్‌లో అలాంటి ఊరే. 1538లో చెషైర్‌లోని కాంబర్‌మియర్ మఠం మూతపడ్డాక అది ఈ కుటుంబం చేతికొచ్చింది. దొరగారి నాన్న ఆ ఇంట్లో పదో కొడుకు.

పల్నాడు: గుడిసె అంటే మన కొట్టమే కదా! పశువుల కొట్టం, గడ్డి కొట్టం. కాట్, కొట్టం ఒకటే మాట అని నా నమ్మకం.

తంగేడు: చెవికి ఒకేలా వినిపిస్తే చుట్టాలైపోవు అన్నా. కాట్‌కి తోబుట్టువు డచ్చి భాషలో ఉంది.

వ్యాకరణం మాస్టారు: నాకు ఆ '-ఉమ్' నచ్చింది. అది విభక్తి. విభక్తి అరిగిపోయినా పేరులో మిగిలింది. మన ఇంటిపేర్లూ అంతేగా! ఊరు వేటూరు, ఇంటిపేరు వేటూరి. ఊరు పాలకుర్తి, బసవపురాణం రాసిన సోమన పాలకురికి.

పల్నాడు: పాల్కురికి అనాలి మాస్టారూ. ఆయన రాసిన ద్విపదలో (రెండేసి పాదాల పద్యం) 'ల'కి అచ్చు చేరిస్తే ఒక మాత్ర పెరుగుతుంది.

వ్యాకరణం మాస్టారు: పద్యంలో గణం కోసం అచ్చు పోతే పోవచ్చు. అసలు పేరు మారదు. బసవపురాణం ఎన్నోసారి చదువుతున్నానో లెక్కలేదు, ఈ మాట దగ్గర మాత్రం నేను తగ్గను.

గోదారిగట్టు: తాతయ్య నోటుపుస్తకం దొరికింది. శ్లోకం ఉంది, 'మహామతిః' అనే రాశారు. 'కాటన' వరకు స్పష్టం. తర్వాత నీటి మరక. కొమ్ము ఉన్నట్టే ఉంది, పగలు ఎండలో ఫొటో తీసి పెడతా.

పల్నాడు: పెట్టండక్కా. మాస్టారూ, ద్విపద పంక్తి ఒకటి విడగొట్టి చూపిస్తారా?